వెల్డా చొక్కా ముక్క

"కత్తెర తియ్యి నెట్టీ," అంది వెల్డా.

"కత్తెర లోపల పెట్టు నెట్టీ," అన్నాడు ఓర్విల్.

పొయ్యికి అటొకరు, ఇటొకరు. మధ్యలో నేను, చేతినిండా పిండితో. అవతల గదిలో తడి బూట్లు విప్పుకుంటున్న మగాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో వేళ్లాడారు. తగవంటే వాళ్లకి రాత్రి భోజనం కంటే రుచి.

మా పెన్సిల్వేనియా కొండల్లో జింక మీద పేల్చి గురి తప్పితే, తప్పినవాడి చొక్కా వెనక అంచు కోసేస్తారు. ఆ ముక్క మీద పేరూ, తప్పిన ఏడూ రాసి వేట క్యాంపు గోడకి మేకు కొడతారు. తాతల నాటి ఆచారం. వేటాడేవాళ్ల చేతికి కత్తెరిస్తే పాత కక్షలు తీర్చుకుంటారని మా క్యాంపులో ఆ పని వంటమనిషికి అప్పజెప్పారు. అంటే నాకు. నా రాత కోడి కెలికినట్టుంటుంది. అయినా ఆ గోడ మీద సగం పేర్లు నేను రాసినవే.

ఆ ఏడు వెల్డా మొగుడు మెర్ల్ కలప మిల్లులో కాలు విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు. క్యాంపులో అతని పడక ఖాళీగా ఉండటం ఎందుకని, అతని తుపాకీ పట్టుకుని వెల్డా వచ్చేసింది. అప్పటిదాకా ఆ గడప దాటిన ఆడది నేనొక్కదాన్నే, అదీ గరిటె పట్టుకుని. క్యాంపుకి పెద్ద ఓర్విల్. కాదంటే మెర్ల్ నొచ్చుకుంటాడని నసుగుతూ ఊ అన్నాడు. మొదటిరోజు పొద్దున్నే కొమ్ముల జింక వచ్చి ఎదురుగా నిలబడింది. వెల్డా పేల్చింది. తప్పింది. అది తెల్లతోక ఎత్తి, టాటా చెప్పినట్టు ఊపుకుంటూ పోయింది.

"ఆడకూతురి చొక్కా మీద కత్తెర వేస్తే ఏం మర్యాద? పోనిద్దూ," అన్నాడు ఓర్విల్.

"నేను ఆడదాన్నో మగాణ్ణో ఆ జింక అడిగిందా?"

"అది కాదమ్మాయ్. నీకిదే మొదలు కదా..."

"మీ తమ్ముడికీ అదే మొదలు. అదిగో, వేళ్లాడుతోంది వాడి గళ్లచొక్కా ముక్క. దాని పక్కది పాస్టరుగారిది. దేవుడి మనిషినే వదల్లేదు, నన్ను వదులుతారా?"

గుమ్మంలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఓర్విల్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయినా అది మెర్ల్ చొక్కా. మెర్ల్ చొక్కా కొయ్యడానికి మనకేం హక్కుంది?"

"చొక్కా మెర్ల్‌దే. లోపలున్నది నేను." వెల్డా పంట్లాంలోంచి చొక్కా అంచు బయటికి లాగి నా ముందు పట్టుకుంది. "విను ఓర్విల్. ఇవాళ నా తప్పు లెక్కలోకి రాకపోతే, రేపు నేను కొట్టిన జింకా లెక్కలోకి రాదు. ఎవరో పాపమని వదిలేసిన ఆడదాన్నవుతాను. నాకు తెలీదనుకున్నావా?"

ఓర్విల్ ఆ అంచు వంక చూశాడు. వెళ్లి సుత్తీ మేకూ తెచ్చాడు. నేను చేతులు తుడుచుకుని కర్రుమని కోశాను.

తగవులు నేను చాలా చూశాను. చేశాను కూడా. తన పరువు తనే తీయించుకోవడానికి పోట్లాడి గెలిచిన మనిషిని మాత్రం ఆవిడొక్కదాన్నే చూశాను.

తర్వాతి ఏటికి మెర్ల్ కాలు అతుక్కుంది గాని కుంటు పోలేదు. అతను నా పొయ్యి పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఆవిడ తుపాకీ పట్టుకుని కొండెక్కేది. అందరూ వింతగా చూడటం మానేశారు. వెల్డాకి నడక పెద్దగా రాదు, చూపూ గొప్పదేం కాదు. ఆవిడకి వచ్చిందల్లా కూర్చోవడం. చెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చుందంటే ఉడతలు మోకాళ్ల మీద ఎక్కి దిగేవి. జింక ఎదురుపడినా తొందరపడేది కాదు. అది పక్కకి తిరిగి, ముందుకాలు కదిపి, గుండె ఉన్న చోటు చూపించేదాకా ఊపిరి బిగబట్టి ఆగేది. ఆ చోటు చూపించకుండా పోయిన జింకల్ని పోనిచ్చేది. సాయంత్రం మెర్ల్ ఎదురుగా కూర్చుని, కొట్టినదానికంటే పోనిచ్చినదాని గురించే ఎక్కువ చెప్పేది.

మెర్ల్ ఒక వసంతంలో పోయాడు. పెరట్లో కట్టెలు పేరుస్తూ పేరుస్తూ కూలబడ్డాడు. ఆ ఏడు వెల్డా క్యాంపుకి రాదనుకున్నాం. వచ్చింది. ఒళ్లు సగమైపోయి, మెర్ల్ కోటు భుజాల మీంచి జారుతూ వచ్చింది.

ఆ పొద్దున వాగు పైగట్టు మీద మంచి మగజింక కనిపించింది. ఆవిడ ఆగలేదు. ఎందుకాగలేదో ఆవిడకే తెలీదు. సాయంత్రం మెర్ల్‌తో చెప్పాలన్న తొందరా, చెప్పడానికి మెర్ల్ లేడన్న సంగతీ రెండూ ఒక్కసారే వేలి మీదికొచ్చాయంది, చాన్నాళ్లకి నాతో. పేల్చింది. జింక ఎగరలేదు. వీపు గూనిలా వంచి, తోక కాళ్ల మధ్యకి ముడుచుకుని, నడుచుకుంటూ పొదల్లోకి పోయింది.

తెలిసినవాళ్లకి ఆ నడకే చాలు. తూటా గుండెకి తగల్లేదు, ఊపిరితిత్తులకీ తగల్లేదు. కడుపులో తగిలింది. అలాంటి జింక చావక తప్పదు, కానీ మెల్లిగా చస్తుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే దగ్గర్లోనే ఏ చెట్టు కిందో పడుకుంటుంది, మళ్లీ లేవదు. వెంటపడితే లేస్తుంది. ప్రాణం ఉన్నంతవరకూ లేస్తూనే ఉంటుంది. అందుకని అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. కదలకుండా కూర్చోవాలి. సగం రోజు కూర్చోవాలి.

ఓర్విల్ వచ్చి అదే చెప్పాడు. "కూర్చో అమ్మాయ్. దాన్ని పడుకోనీ."

అప్పుడే మంచు మొదలైంది.

"మంచులో రక్తం జాడ పోతుంది," అంది వెల్డా.

"పోనీ. అది దూరం పోదు."

"అది అక్కడ నొప్పితో ఉంటే నేనిక్కడ కూర్చుని కాఫీ తాగనా?"

"తాగాలి. అదే కష్టం మరి."

పుట్టుకతో కూర్చోవడం వచ్చిన మనిషి ఆ ఒక్కరోజు కూర్చోలేకపోయింది. వెళ్లింది. హెమ్లాక్ చెట్టు కింద జింక పడుకున్న చోటు దొరికింది, ఆకులు అణిగి ఉన్నాయి. వంగి అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. అంటే తన అడుగుల చప్పుడికి అప్పుడే లేచిపోయింది. అక్కడైనా ఆగాలి. ఆగలేదు. కాస్త దూరంలో ఇంకో చోటు, అదీ వెచ్చగానే. వాగు అవతల మరొకటి. ఆ తర్వాత మంచు అన్నిటినీ కప్పేసింది. మర్నాడూ, ఆ మర్నాడూ అందరూ వెతికారు. దొరకలేదు.

మొదటిరోజు సాయంత్రం నేను కత్తెర బల్ల మీద పెట్టి ఉంచాను. ఆవిడ ఎప్పట్లా నిలబడి అడుగుతుందనుకున్నాను. ఓర్విల్ ముందే చెప్పేశాడు, "తప్పలేదు, తగిలింది. తగిలినదానికి కత్తెర లేదు. అదీ ఆచారం." మంచితనంతోనే అన్నాడు. వెల్డా గోడ వంక చూసింది, తన చొక్కా అంచు వంక చూసుకుంది. నోరు విప్పలేదు. ఆవిడ నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

వసంతంలో అడవి ఉల్లికాడలు కోసుకోవడానికి వాగు దాటి వెళ్లినప్పుడు వెల్డాకి ఆ జింక ఎముకలు కనిపించాయి. మేం చివరిగా వెతికిన చోటికి ఎంతో దూరం. ఆ కడుపుతో అంత దూరం పోయింది పాపం. కొమ్ముల్ని ఎలుకలు కొరికేశాయి. వెల్డా సంచీలో ఉల్లికాడలన్నీ అక్కడే పారబోసి ఇంటికొచ్చింది. తుపాకీ శుభ్రంగా తుడిచి, నూనె రాసి, మెర్ల్ కోటులో చుట్టి, అల్మరాలో వెనక్కి తోసేసింది. ఉన్న తూటాలన్నీ పక్కింటివాళ్లకిచ్చేసింది.

ఆ తర్వాత ఏళ్లూ పూళ్లూ గడిచాయి. బడి వంటింట్లో పనిచేసి రిటైరైంది. జింక మాంసం ముట్టేది కాదు. వేట మొదలయ్యే రోజు తెల్లారగానే కొండల్లో తుపాకులు మోగుతాయి కదా, ఆ చప్పుడు చెవిన పడకుండా ఇల్లంతా పొద్దున్నుంచి దుమ్ము పీల్చే మిషను తిప్పుతూ కూర్చునేది. ఆవిడ తివాచీ అంత శుభ్రమైనది ఈ లోయలో లేదు. ఈలోపు ఓర్విల్ పోయాడు. క్యాంపు అతని కొడుకు గార్త్ చేతికొచ్చింది. నేను మాత్రం పొయ్యి వదల్లేదు. నా బక్‌వీట్ పిండి అట్లు ఇంకొకరికి కుదిరితే అప్పుడు వదులుతాను.

కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఒక లారీ చిన్న ఆడజింకని గుద్దేసి పోయింది. నడుం విరిగిన ఆ జింక ముందుకాళ్ల మీద ఈడ్చుకుంటూ వెల్డా పెరట్లో కట్టెల గుట్ట వెనక్కొచ్చి పడింది. వెల్డా వేట అధికారికి ఫోను చేసింది. అతనెక్కడో కొండ అవతలున్నాడు. అల్మరాలో తుపాకీ ఉంది, ఇంట్లో తూటా లేదు. బకెట్ బోర్లించుకుని దాని పక్కన కూర్చుంది. అది ఆవిడ వంకే చూస్తూ, లేవబోతూ, పడుతూ ఉంది. అతను వచ్చేసరికి నీడలు సాగాయి. వచ్చి ఒక్క తూటాతో ముగించాడు.

మర్నాడు నా ఇంటికొచ్చింది. కూర్చోనైనా కూర్చోలేదు.

"క్యాంపులో నా పడక ఉందటే నెట్టీ?"

"ఉంది. గార్త్ దాని మీద మేజోళ్లు ఆరేస్తున్నాడు."

"తియ్యమను."

"ఇన్నేళ్ల తర్వాత ఇదేం బుద్ధే నీకు? మోకాళ్లు చూసుకున్నావా? లేవాలంటే బల్ల పట్టుకోవాలి."

"చెట్టు పట్టుకుంటా." తర్వాత గొంతు తగ్గించింది. "తుపాకీ దాచేస్తే నా వల్ల ఏ జింకా బాధపడదనుకున్నానే. నిన్నొకటి నా కళ్లముందే... పని తెలిసినదాన్ని, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, మొదట్నించీ చివరిదాకా సరిగ్గా చెయ్యాలి."

"మళ్లీ అలాగే పోగొడితే?"

"తుపాకీ తీసుకెళ్లి వాగులో పారేస్తా. తర్వాత అద్దంలో నా మొహం నేను చూసుకోను. అందుకే భయంగా ఉంది." భయం అన్న మాట ఆవిడ నోట విన్నదీ అదే మొదలు.

కంకర గోతి దగ్గర అట్టపెట్టెకి కాగితం పళ్లెం గుచ్చి గురి అలవాటు చేసుకుంది. తుపాకీ తన్నుడికి భుజం వంకాయలా కమిలింది. మందు రాస్తూ తిట్టాను. "తిట్టు, తిట్టు. మెర్ల్ పోయాక నన్ను తిట్టే దిక్కే లేదు," అంది. పళ్లేనికి నడిమధ్య చిల్లులు పడ్డాకే ఇంటికి కదిలింది.

వేట మొదటిరోజు గార్త్ ఆవిడ మోకాలు చూసి, క్యాంపు వెనక ఊటకి దగ్గర్లో చోటిచ్చాడు. వాడు మంచివాడే. కాకపోతే చేతిలో ఫోను లేకపోతే ఆకాశం వంక చూడటం చేతకాదు.

పొద్దెక్కాక చిన్న కొమ్ముల మగజింక నీళ్లకి వచ్చింది. వెల్డా ఆగింది. ఈసారి ఆగింది. అది పక్కకి తిరిగింది. ముందుకాలు కదిపింది. గుండె చోటు చూపించింది. వేలు నొక్కే క్షణాన, అంతే, ఒక్క అడుగు ముందుకేసింది.

వీపు గూనిలా వంచింది. తోక ముడుచుకుంది. నడుచుకుంటూ పోయింది.

అదే నడక. ఇన్నేళ్లు దుమ్ము మిషను చప్పుడు వెనక దాక్కున్న నడక. వెల్డా మెల్లిగా లేచి అది నిలబడ్డ చోటికెళ్లి చూసింది. రాలిన ముతక వెంట్రుకలు, ఆకు మీద పచ్చటి జిగురు. రక్తం చుక్కో రెండో. సందేహం లేదు, కడుపే. తన నారింజరంగు టోపీ తీసి ఆ పొదకి తగిలించి, వెనక్కొచ్చి మళ్లీ చెట్టు మొదట్లో కూర్చుంది.

చప్పుడు విని గార్త్ పరిగెత్తుకొచ్చాడు, వెనక మరో ఇద్దరు.

"తగిలిందా అత్తా?"

"కడుపులో."

గార్త్ ఫోను తీశాడు. "ఇంకాసేపట్లో మంచు పడుతుంది. గట్టిగానే పడుతుందట. లే అత్తా, ఇప్పుడే వెళ్దాం."

"వెళ్లం."

"రక్తం జాడ పోతే ఏం చూసి వెతుకుతాం?"

"అది పోయిన దారి చూశాను. హెమ్లాక్ గుంపులోకి పోయింది. అక్కడ పడుకుంటుంది."

"పడుకోకపోతే? పోనీ నువ్వుండు, నీ మోకాలితో ఎందుకు, మేం ముగ్గురం చూసొస్తాం."

వెల్డా తుపాకీ ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. "నా జింక. ఒక్కడు ఆ టోపీ దాటాడో, చూస్కో. కూర్చోమని మీ నాన్న నాకు చెబితే నేను విన్లేదురా గార్త్. నువ్వన్నా విను."

వాడు తల గోక్కుంటూ క్యాంపుకొచ్చి నన్ను బతిమాలాడు. "నెట్టీ అత్తా, నువ్వన్నా చెప్పు. రాత్రికి ఆ జింక దొరక్కపోతే ఆవిడ తట్టుకోలేదు." నేను కాఫీ ఫ్లాస్కూ, యాపిల్-పై ముక్కలు రెండూ పట్టుకుని వెళ్లాను. చెప్పడానికి కాదు. పక్కన కూర్చోవడానికి.

మంచు పడింది. ముందు గింజల్లా, తర్వాత దూదిలా. పొద మీద టోపీ తెల్లబడింది. ఆకు మీద రక్తం పోయింది, పచ్చ జిగురు పోయింది, గార్త్ బూట్ల జాడలు పోయాయి. వెల్డా చూస్తూ కూర్చుంది. ఒకసారి చెట్టు పట్టుకుని లేచింది. తనంతట తనే మళ్లీ కూర్చుంది.

"కాఫీ తాగు," అన్నాను.

"గొంతు దిగట్లేదే."

"తాగాలి. ఓర్విల్ చెప్పాడుగా."

తాగింది. అప్పుడు చెప్పింది, ఆనాడు జింక పడుకున్న చోట్ల అరచెయ్యి పెట్టిన సంగతి. అంతకుముందెప్పుడూ చెప్పలేదు. "ఒక్కో చోటా వెచ్చగా ఉందే నెట్టీ. ఒక్కో చోటా. నేను లేపాను. చచ్చేదాన్ని చావనివ్వకుండా నేనే లేపాను. నొప్పితో ఉందన్నానే గాని, దాని నొప్పి కోసం కాదు వెళ్లింది. ఊరికే కూర్చోలేక వెళ్లాను. మెర్ల్ పోయాక ఊరికే కూర్చోవడమంటే ఏమిటో నీకు తెలీదు."

నాకు తెలుసు. మా ఆయన పోయి ఎన్నాళ్లైందో. కానీ అప్పుడు చెప్పే మాట కాదు.

వెలుతురు తగ్గుతుండగా లేచింది. గార్త్‌ని పిలిచాం. వెల్డా ముందు, వెనక వాడు, వాడి వెనక నేను. నేల మీద చదవడానికి ఏమీ లేదు. అంతా తెలుపు. ఆవిడ టోపీ దగ్గర్నుంచి నేరుగా హెమ్లాక్ గుంపు వైపు నడిచింది. ఆగి చూడటం, నడవడం. గార్త్ నిట్టూర్పు నాకు వినిపించింది. ఆవిడక్కూడా వినిపించే ఉంటుంది.

గుంపు లోపలికి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. చెయ్యి వెనక్కి చాపి మమ్మల్నీ ఆపింది.

కాళ్లు కిందికి ముడుచుకుని, మెడ పక్కకి వాల్చి, పడుకునుంది. వీపు మీద మంచు. కొమ్ముల మధ్య మంచు. చెవుల మీదా మంచు. బతికున్నదైతే చెవి విదిలించి దులుపుకునేది.

వెల్డా మోకాలి మీద కూలబడింది. చేతితొడుగు తీసేసి దాని డొక్క కిందికి, నేలకీ ఒంటికీ మధ్యకి, అరచెయ్యి దూర్చింది. అక్కడింకా కాస్త వెచ్చదనం ఉంది. చుట్టూ చూసింది. ఇంకే చోటూ అణగలేదు. పడుకున్నది ఒక్కచోటే. లేవలేదు.

"అత్తా, సాధించావు," అన్నాడు గార్త్.

వెల్డా కొమ్ముల మధ్య మంచు వేళ్లతో తుడిచింది, నిద్రపోయే పిల్లాడి జుట్టు సవరించినట్టు.

వాళ్లు దాన్ని ఈడ్చుకొచ్చి క్యాంపు ముందు దూలానికి వేలాడదీశారు. నేను దాని గుండె ఉల్లిపాయలతో వేయించాను. ఇన్నేళ్లకి వెల్డా ముక్క నోట పెట్టుకుంది. నమిలి, మింగి, ఇంకొంచెం వడ్డించుకుంది. మగాళ్లు ఎప్పట్లానే ఎవరి గురి గొప్పదో అరుచుకుంటున్నారు.

పళ్లేలు తీస్తుంటే వంటింట్లోకి వచ్చింది. గోడ దగ్గర నిలబడి తన పాత ముక్క వంక చూసింది. పొగకి గోధుమరంగు తిరిగిపోయి, ఓర్విల్ కొట్టిన మేకుకి వేళ్లాడుతోంది. తర్వాత పంట్లాంలోంచి చొక్కా అంచు బయటికి లాగింది.

"ఇదేంటి అత్తా?" అన్నాడు గార్త్, నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలోకొచ్చి. "దొరికింది కదా. దొరికినదానికి ఎక్కడైనా కత్తెర వేస్తారా?"

"ఇవాళ్టి దానికి కాదు."

"తగిలినదానికి లేదని నాన్న అనేవాడు."

"మీ నాన్న అన్నాడు. ఆ రోజు నేను ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా." వెల్డా నా వైపు తిరిగి అంచు నా ముందు పట్టుకుంది. మెర్ల్ చొక్కా కాదిది. తన చొక్కా. "తియ్యవే నెట్టీ కత్తెర. కోసి, పేరు రాయి. ఈ ఏడు రాయకు. మెర్ల్ పోయిన ఏడు రాయి."